డాష్‌హండ్ కొనే ముందు మీ ఇంటి మెట్లు చూసుకోండి

పిల్లవాడి పుట్టినరోజుకని డాష్‌హండ్ కుక్కపిల్లకు అడ్వాన్సు ఇవ్వబోతున్నారా? దయచేసి ఆగండి. ఆ పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. దాని ప్రాణం మీదికి వచ్చేది కూడా ఆ ఒంటి తీరు వల్లే.

బొరియల్లోకి దూరి బ్యాడ్జర్లను వేటాడటానికి జర్మనీలో పెంచిన జాతి ఇది. కాళ్లను పొట్టిగా ఉంచే జన్యుమార్పుల్లో ఒకటి వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కులను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. అలాంటి డిస్కు ఒకరోజు చిట్లి వెన్నుపామును నొక్కేస్తుంది. ప్రతి నాలుగైదు డాష్‌హండ్‌లలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు తప్పదని పశువైద్యుల అంచనా. ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య వస్తుంది. నిన్న గేటు దాకా పరిగెత్తిన కుక్క తెల్లారేసరికి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ కనిపించవచ్చు.

ఇక అప్పుడు ప్రతి గంటా విలువైనదే. వీపు గూనిలా వంచినా, ఎత్తుకోబోతే కుయ్యిమన్నా, నడక తూలినా సాయంత్రం దాకా ఆగకండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వేయకండి, కుక్కలకు అవి ప్రాణాంతకం కావచ్చు. నూనె రాసి మర్దన చేయకండి. కదలనివ్వకుండా చిన్న బోనులో పడుకోబెట్టి తీసుకెళ్లండి. కాలివేళ్లు గట్టిగా నొక్కినా నొప్పి తెలియని స్థితికి వచ్చాక, ఆలస్యమైన కొద్దీ మళ్లీ నడిచే ఆశ సన్నగిల్లుతుంది. వెన్నుకు ఆపరేషన్ చేయగల పశువైద్యులు ప్రతి ఊళ్లో ఉండరు. ఖర్చు మధ్యతరగతి ఇంటికి పెద్ద దెబ్బే. ఆపరేషన్ తర్వాతా కొన్నిటికి మూత్రం దానంతట అది రాదు, రోజూ పొట్ట నొక్కి పోయించాలి. ఆ పని మీ ఇంట్లో ఎవరు చేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.

మన ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్, డూప్లెక్స్ మెట్లు, ఎత్తైన దివాన్లు. వీటిలో ఒక్కటీ ఈ కుక్కకు మంచిది కాదు. జారకుండా పట్టాలు పరచి, మెట్లకు అడ్డు పెట్టి, సోఫా మీది నుంచి దూకకుండా చూడగలిగితేనే ఆలోచించండి. పిల్లలు చంకల్లో చేతులేసి వేలాడదీయకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి పిరుదుల కింద ఉండాలి. నాన్నమ్మ ప్రేమగా కలిపే నెయ్యన్నం, టీలో ముంచిన బిస్కెట్లు ఆపాల్సిందే. లావెక్కితే ఆ బరువంతా వెన్నుకే.

పైగా ఇది వేటకుక్క. తవ్వుతుంది, పెద్ద గొంతుతో మొరుగుతుంది, చెప్పినమాట ఓ పట్టాన వినదు. 12 నుంచి 16 ఏళ్లు బతుకుతుంది.

అమ్మేవాళ్లను నమ్మి మోసపోకండి. మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. తల్లినీ తండ్రినీ చూపించమనండి, వాటికి వెన్నునొప్పి వచ్చిందేమో అడగండి. ‘డబుల్ డాపుల్’ అరుదైన రంగని ఎక్కువ ధర చెబితే వెంటనే వెనక్కి వచ్చేయండి. మచ్చలున్న డాపుల్ జంటను కలిపి పుట్టించిన ఆ పిల్లల్లో గుడ్డివి, చెవిటివి పుడుతుంటాయి. అలాంటి కాన్పు చేయించడం క్రూరత్వం.

ఇప్పటికే ఇంట్లో డాష్‌హండ్ ఉన్నవాళ్లు, మీకు దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, వెన్ను ఆపరేషన్ ఎక్కడ చేస్తారో ఈరోజే కనుక్కుని ఆ నంబర్లు ఫోన్లో పెట్టుకోండి.