రెండు కాసులకు ముందు వెనుక

యెరూషలేము దేవాలయంలో పదమూడు కానుకపెట్టెలు ఉండేవని, వాటి ఆకారం బూరలా ఉండేదని యూదుల ప్రాచీన గ్రంథాలు చెబుతున్నాయి. గుప్పెడు వెండి నాణేలు అందులో పడితే చుట్టూ ఉన్నవాళ్లు తల తిప్పి చూసే ఉంటారు. యేసుప్రభువు వాటి ఎదుట కూర్చుని, ఎవరూ తల తిప్పని ఒక పేద విధవరాలిని చూశాడు. ఆమె వేసింది రెండు కాసులు. ఆనాటి కూలివాడి ఒకరోజు జీతమైన దేనారంలో అవి రెండూ కలిపి అరవైనాలుగో వంతు. ఈనాడు రోజు కూలి 600 రూపాయలు అనుకుంటే, తొమ్మిది రూపాయల పైచిలుకు! ఆమెకు ఆ పూట జీవనమంతా అదే.

ఈ ప్రసంగం వినని విశ్వాసి మన సంఘాల్లో ఉండడు. కానుకల పళ్లెం తిరగబోయే ముందు చాలాసార్లు వినిపించేది ఇదే. అయితే మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఈ సంఘటనకు సరిగ్గా ముందున్న వచనాన్ని మాత్రం అంతగా చదవరు. విధవరాండ్ర ఇళ్లను దిగమింగుతూ, పైకి దీర్ఘప్రార్థనలు చేసే శాస్త్రులను ప్రభువు అక్కడ కఠినంగా ఖండించాడు. ఆ వెంటనే కనిపించేది ఈ విధవరాలే. 13వ అధ్యాయం తెరవగానే శిష్యుడొకడు దేవాలయపు రాళ్లను, కట్టడాలను చూపించి అబ్బురపడతాడు. ఆ రాయి మీద రాయి నిలవదని ప్రభువు జవాబిచ్చాడు. ముందున్న మాటను, వెనుకున్న మాటను కత్తిరించి, మధ్యలో ఉన్న రెండు కాసులను మాత్రమే చూపించి పేదల చేతిలో ఉన్నది రాబట్టడం వాక్యానికి చేసే అన్యాయం. వెయ్యి వేస్తే లక్ష వస్తుందంటూ 'విత్తన కానుక' అడిగేవారు ఇంకొక సంగతి గమనించాలి. ఆ విధవరాలికి తర్వాత ఏమి దొరికిందో సువార్తలో ఒక్క మాట కూడా లేదు.

అలాగని ఇవ్వడం మానుకోవడానికి ఇది సాకు కాదు. మత్తయి 6వ అధ్యాయంలో ధనం గురించి చెప్పినప్పుడు ప్రభువు వరుసను మనం అనుకునే దానికి తలకిందులు చేశాడు. మనసు ఎక్కడుంటే డబ్బు అక్కడికి వెళ్తుందని మన లెక్క. డబ్బు ఎక్కడికి చేరితే మనసు దాని వెంట నడుస్తుందని ఆయన లెక్క. ఊరి బయట ఒక ప్లాటు కొన్న మర్నాటి నుంచి మనం పేపర్లో ముందు తిరగేసేది రియల్ ఎస్టేట్ పేజీ కాదా? సంఘంలోని ఒక పేద విద్యార్థికి హాస్టల్ ఫీజు కట్టి చూడండి. పరీక్షల ఫలితాలు వచ్చేరోజు మనింట్లో కూడా గుండె కొట్టుకుంటుంది.

మన పెద్దలకు ఇది తెలుసు. 1912లో దోర్నకల్ తొలి బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు, కూలినాలి చేసుకునే తెలుగు పల్లె సంఘాలను చూస్తూ క్రైస్తవ దాతృత్వం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసే అలవాటు మన అమ్మమ్మల కాలంలో ఉండేది. మిజోరంలో 1910లో మొదలైన అలాంటి పిడికెడు బియ్యం కానుక, అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం మిషనరీ సేవకు ఈనాటికీ పెద్ద ఆధారం. పిడికెడు బియ్యం తగ్గితే ఆ పూట ఎవరూ పస్తుండరు. కానీ రోజూ పొయ్యి దగ్గరే దేవుడు గుర్తుకొస్తాడు. ఇప్పుడు గుడి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించారు. తప్పు పట్టడానికేమీ లేదు గానీ, ఫోను ఒక్కసారి నొక్కితే తీరిపోయే కానుకకు ఆ తలపు రావడం కొంచెం కష్టమే.

పుచ్చుకునేవారి ధనం ఎక్కడుందన్నది మరో ప్రశ్న. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు చందా పోగుచేశాడు. నిరుపేదలైన మాసిదోనియ సంఘాలవారు తమను కూడా అందులో చేర్చుకోమని బతిమాలారని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో ఇంకో సంగతి కూడా ఉంది. అంత సొమ్ము విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి పౌలు ఆ పనిలో తోడు చేసుకున్నాడు. దేవుని ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలనుకున్నాడు. అపొస్తలుడికే సాక్షి అవసరమైతే, సంఘపు బ్యాంకు పుస్తకం ఒక్కరి బీరువాలో ఎందుకుండాలి? లెక్క అడిగినవాణ్ణి విశ్వాసం లేనివాడిగా ఎందుకు చూడాలి?

కోతకాలపు పండుగ వచ్చిందంటే గుడి ముందు బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరి గెలలు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. ఒక ముసలమ్మ తన పెరట్లోంచి తెచ్చిన గుమ్మడికాయను పోటీ మీద వెయ్యి రూపాయలకు పాడుకున్నవారి పేరు మైకులో వినిపిస్తుంది. వినిపించనివ్వండి, ఆ సందడి మనకు ఇష్టమే. సాయంత్రం ఆదాయం చదివేటప్పుడు దాని పక్కనే ఇంకొక లెక్క కూడా చదవమని సంఘ పెద్దలను అడుగుదాం. ఈ సంవత్సరం మన సంఘంలోని ఎంతమంది విధవరాండ్రకు ఈ సొమ్ములోంచి ఎంత అందింది?