నరాల డాక్టరు చదువు: యే వూళ్లో?

మా వీధిలో అమ్మాయి ఒకతె యం.డి. పూర్తిచేసింది. మొన్న సాయంత్రం కాగితాలు పట్టుకొని మా యింటికి వచ్చి, "కాకా! నరాల వైద్యంలో డి.యం. చదవాలనుకుంటున్నాను. ముంబయి ముందు వ్రాయనా, హైదరాబాదు ముందు వ్రాయనా?" అని అడిగింది.

యం.బి.బి.యస్. తర్వాత మూడేండ్లు యం.డి., ఆపైన మూడేండ్లు డి.యం. నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్షలో వచ్చిన ర్యాంకునుబట్టి, విద్యార్థి వ్రాసిచ్చిన వరుస చూసి సీటు యిస్తారు. ఆ వరుస వ్రాయటంలోనే వున్నది చిక్కంతా.

వాళ్ల నాన్నది ఒకటే మాట: "హైదరాబాదు దగ్గర. 1956 దాకా మనది ఆ రాష్ట్రమే గదా!" స్నేహితులది మరొక మాట: "కె.యి.యం. ఆసుపత్రి పేరెంత, ముంబయి యెంత!" దూరానికీ పేరుకీ నడుమ పిల్ల నలిగిపోతున్నది.

నేను వాళ్ల నాయనమ్మ సంగతి యెత్తాను. పక్షవాతం వచ్చిననాడు నూనె రాస్తూ యింట్లోనే సాయంత్రందాకా వుంచారు. మెదడులో నెత్తురుగడ్డను కరిగించే మందు మామూలుగా 4½ గంటల లోపలే యివ్వాలి. ఆ గడువు దాటిపోయింది. తర్వాత ఆమె నోట తెలుగు కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది గాని, బజారులో జీవితమంతా మాట్లాడిన మరాఠీ రానేలేదు.

"అమ్మా, అటువంటి రోగిని నీ చేతికిచ్చి, పక్కన నిలబడి నేర్పేవాళ్లెక్కడున్నారో చూడు. వూరి పేరు తర్వాత చూసుకోవచ్చు" అన్నాను.

ఆమె వెంటనే నాకొక సంగతి చెప్పింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టరు సువర్ణ అల్లాడి, వారి సహచరులు 648 మంది డిమెన్షియా, అనగా మతిమరుపు జబ్బు, రోగులను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు, అంతకుమించి మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు 4½ యేండ్లు ఆలస్యంగా మొదలైనదట. చదువురానివారిలోనూ యీ తేడా కనబడిందట. యింట్లో తెలుగు, బజారులో మరాఠీ, యిరుగుపొరుగుతో హిందీ అనే మన నాందేడు బ్రతుకు కూడా వైద్యశాస్త్రానికి పాఠమేనన్నమాట!

ఆ వారంలోనే అమ్మాయి రెండు వూళ్లూ వెళ్లివచ్చింది. పెద్ద డాక్టర్లను గాక, రెండో యేడు చదువుతున్నవాళ్లను అడిగింది. అర్ధరాత్రి పక్షవాతం రోగి వస్తే పక్కన యెవరుంటారు? మూర్ఛ రోగుల యి.యి.జి. మీరే చదువుతారా, వ్రాసిన రిపోర్టు చూసి సంతకం పెట్టటమేనా? నిద్రకూ పుస్తకానికీ వేళ వుంటుందా? చదువు ముగిశాక ప్రభుత్వానికి యెన్నాళ్లు పనిచేయాలి?

తిరిగి వచ్చి హైదరాబాదు ముందు వ్రాసింది. దగ్గరని మాత్రం కాదు. మన భాషలన్నీ మాట్లాడే రోగులక్కడికి వస్తారని. వాళ్ల నాన్న సంతోషించాడు. కారణం వేరైతేనేం!

సీటు యేదివచ్చేదీ ర్యాంకు చేతిలో వున్నది. బయల్దేరేముందు నాయనమ్మ కాళ్లకు దండం పెట్టింది. ఆమె తలమీద చెయ్యివేసి, చాలాసేపు మాట వెదుక్కొని, "రా" అన్నది. వెళ్లమని గాదు, తిరిగి రమ్మని.

అందాకా మనం చేయగలిగింది ఒకటున్నది. యింట్లో యెవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నూనెసీసా వెదకకండి. గడియారం చూసి, ఆసుపత్రికి బయల్దేరండి.