నేల గర్భమును, నేలపై ప్రజయును

రాగి లేనిదే విద్యుత్తు లేదు. తుప్పుపట్టని ఉక్కులో అధికభాగమునకు నికెలు ఆధారము. మోటారు బండ్ల విషవాయువులను శుద్ధిచేయుటకు ప్లాటినము, పెలేడియము కావలయును. అయినను ప్లాటినము కొఱకే త్రవ్విన గని యొక్కటియు భారతదేశమున లేదు. ప్రతి గ్రామునకును పరదేశముల మొగము చూచుట స్వతంత్రజాతికి శోభింపదు. కావున ప్రభుత్వము పూనుకొనిన ఖనిజాన్వేషణమును మేము స్వాగతించుచున్నాము. కాని అది నడచుచున్న త్రోవను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు.

ఈ లోహములు ఎల్లచోట్ల దొరకవు. భూగర్భమునుండి ఎగసిన శిలాద్రవము లోపలనే నిలిచి మెల్లగా చల్లారినచోట ఖనిజములు పొరపొరలుగా పేరుకొనును. ఆ ద్రవమున గంధకము మిక్కుటమైనచో, నీటినుండి నూనెవలె గంధకద్రవము బొట్లుగా విడివడి నికెలును, రాగిని, ప్లాటినమును తనలోనికి లాగికొనును. అట్టి పొర తరచుగా మనిషి యెత్తు మందమైనను ఉండదు. టన్ను రాతిలో ప్లాటినము కొలది గ్రాములే. కొండలు నడచి పటము గీయవలయును, వాగుల ఇసుకను పరీక్షింపవలయును, అయస్కాంతశక్తిని కొలువవలయును, తుదకు బోరు వేసి లోతు రాతిని తీసి చూడవలయును. ఇది ఏండ్లు పట్టు పని. పెక్కుమారులు రిత్తపోవు పని.

దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డు శిలారాశిలో 1924న హాన్స్ మెరెన్‌స్కీ ఇట్టి పొరను గుర్తించెను. నేడు ప్రపంచపు ప్లాటినములో సగమునకు మించి ఆ దేశముననే లభించుచున్నది. ఆ సంపద ఎవరికి చేరినది? రుస్టెన్‌బర్గు ప్రాంతపు బఫోకెంగు జాతివారు తమ నేలక్రింది లోహములో న్యాయమైన పాలుకై ఏండ్ల తరబడి వ్యాజ్యమాడి, 1999లో గాని ఒడంబడిక పొందజాలరైరి. 2012 ఆగస్టు 16న మరికానాలో జీతముల పెంపునకై సమ్మెచేసిన గనికార్మికులు 34 మంది పోలీసు కాల్పులకు బలియైరి.

మన దేశమునను అట్టి శిలలు కలవు. ఒడిషాలోని బౌలా-నువాసాహి, తమిళనాటి సిత్తంపూండి, కర్ణాటకములోని హనుమలాపురములందు ప్లాటినపు జాడలు కనుగొనబడినవి. బొమ్మలకు పేరొందిన మన కొండపల్లి కొండలు, పూర్వపు ఖమ్మము జిల్లాలోని చీమలపహాడును ఇట్టి పొరల శిలారాశులే. కనుక ఈ ప్రశ్న రేపు మన గడపకును రాగలదు.

2023 నాటి సవరణ చట్టము అన్వేషణమునకు ప్రత్యేకపు లైసెన్సు నేర్పరచి, పిదప గనిని వేలమున పొందినవారు చెల్లించు సొమ్ములో అన్వేషకునకు పాలు కల్పించినది. మంచిదే. కాని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణశాఖ నికెలు, ప్లాటినము మొదలగు కీలక ఖనిజముల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని ఉత్తర్వు చేసినది. పొరను కనుగొన్నవానికి పాలు కలదు. పొరపై కాపురమున్నవానికి పలుకు లేదు!

దేశరక్షణకు జాప్యము తగదందురు. అన్వేషణమునకే ఏండ్లు పట్టుచుండగా, 45 దినములలో ముగింపవలెనని 2006 నాటి ప్రకటనయే విధించిన ప్రజావిచారణ దేశమునకు అడ్డమగునా? షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు వెలువడినది మన విశాఖ మన్యపు వ్యాజ్యముననే.

మేము కోరునది స్వల్పము. ఆ ఉత్తర్వును ఉపసంహరింపవలయును. బోరులలో తేలిన ఫలితములను గ్రామసభలకు తెలుగున తెలుపవలయును. 1921లో పల్నాటి అడవులకై, 1930లో ఉప్పునకై మనవారు పోరాడినది, ప్రజనడుగక ప్రకృతిసంపదను హరించు అధికారమును ఒప్పుకొనలేకయే. అదే అధికారము మన పేరిట, మన ప్రభుత్వము చేతనే చెలాయింపబడినను మేము అంగీకరింపజాలము.