ఫ్రెంచి ప్రెస్సు సరే, నీళ్ళ సంగతేంటి?

2020లో ల్యాప్‌టాపులు సంకన పెట్టుకుని సొంతూళ్ళకొచ్చిన మన సాఫ్ట్‌వేరు జనాల్లో చాలామంది తిరిగి హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళిపోయారు. కొంతమంది మాత్రం నెలలో సగం రోజులు నరసరావుపేటలోనో మాచర్లలోనో గురజాలలోనో కూర్చుని పని లాగిస్తూనే ఉన్నారు. ఆఫీసు కాఫీకి అలవాటు పడ్డ నాలుక ఇంటికొచ్చాక ఊరుకోదు కదా. అందుకని పాలు లేని కాఫీ, దానికోసం ఒక ఫ్రెంచి ప్రెస్సు. "ఏది కొనమంటావ్?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

నా సమాధానం ఒకటే. ఏదైనా కొనండి. ఒక గాజు జాడీ, ఒక జల్లెడ, దాన్ని కిందికి తోసే ఒక కడ్డీ. అంతకుమించి అందులో ఏమీ లేదు. పేరు ఫ్రెంచిదే, 1852లో మొదటి పేటెంటు తీసుకున్నదీ ఫ్రాన్సు వాళ్ళే. కానీ ఇప్పుడు మనం చూసే రూపానికి దారి తీసిన 1929 పేటెంటు మాత్రం ఇటలీ వాళ్ళది. ఆ తర్వాత దీంట్లో పెద్దగా మారిందేమీ లేదు. వెయ్యి లోపు దొరికేదానికీ నాలుగు వేలదానికీ తేడా గాజు మందం, జల్లెడ అంచు బిగుతు, అంతే. ఇంట్లో చిన్నపిల్లలుంటే స్టీలుది తీసుకోండి. ఇద్దరికైతే 600 మి.లీ. సైజు చాలు.

పల్నాడులో అసలు అడగాల్సింది వేరే ఉంది. మీ ఇంట్లో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

మనం కూర్చున్నదే సున్నపురాయి మీద. నాపరాళ్ళు మనవే, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు మనవే, మాచర్ల సిమెంటు మనదే. ఆ రాళ్ళ సందుల్లో ఊరిన నీళ్ళే బోర్లలో పైకొచ్చేది. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. సాగర్ కుడికాలువ నీళ్ళు కుళాయికొచ్చే ఇంటికీ, బోరు మీద బతికే పక్క వీధి ఇంటికీ కాఫీ రుచిలో తేడా ఉంటుందంటే నమ్మరు గానీ, నిజంగానే ఉంటుంది.

ఎందుకంటే కప్పు కాఫీలో 98 శాతానికి పైగా నీళ్ళే. మంచి అరబికా గింజలో పుల్లపుల్లగా, పండు రుచిలా తగిలేవన్నీ ఆమ్లాలు. సున్నపు నీళ్ళలో ఉండే బైకార్బొనేట్లు చేసే మొదటి పని ఆ ఆమ్లాల్ని చంపేయడం. అసిడిటీ వస్తే తాగే ఈనో పని చేసే పద్ధతే ఇదీనూ. చివరికి కప్పులో మిగిలేది చేదు, దానితోపాటు సుద్దముక్క నాకినట్టు ఒక చప్పదనం.

మరి మన అమ్మమ్మలు ఇవే నీళ్ళతో ఇన్నేళ్ళు కమ్మటి కాఫీ ఎలా కాచారు అంటారా? వాళ్ళ కాఫీలో నీళ్ళ పాలు తక్కువ. కొద్ది నీళ్ళతో చిక్కటి డికాషను, దాని మీద చిక్కటి గేదె పాలు, రెండు చెంచాల పంచదార, పొడిలో చికోరీ. నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలు, మిగతా 49 చికోరీ కావచ్చు. ఆ చేదూ, రంగూ, పాల కొవ్వూ కలిసి నీళ్ళ లోపాన్ని కప్పేస్తాయి. ఆ కాఫీని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు పడదు. మన నీళ్ళకీ మన పాలకీ సరిగ్గా అతికిన పద్ధతి అది.

ఫ్రెంచి ప్రెస్సు అలా కాదు, దేన్నీ దాచదు. పాలు లేవు, పంచదార లేదు, వడకట్టే కాగితం కూడా లేదు. ఇన్‌పుట్ ఏదిస్తే అవుట్‌పుట్ అదే. అందుకే ఇంట్లో ఫిల్టరు కోసం తెచ్చిన చికోరీ పొడిని ఇందులో వేసి, బోరు నీళ్ళు పోసి, పైన పాలు కలిపి, "ఏంది నాయనా ఇది, కషాయమా?" అని పెద్దవాళ్ళ చేత అనిపించుకుంటారు. ప్రెస్సులో దిగేది డికాషను కాదు. ఫిల్టరు డికాషనుతో పోలిస్తే చాలా పల్చన. పాలు పోస్తే కుడితి నీళ్ళలా తయారవుతుంది. పాల కాఫీయే కావాలంటే స్టీలు ఫిల్టరుని మించింది లేదు, ప్రెస్సు జోలికే పోవద్దు.

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. మన రాష్ట్రంలోనే, అరకు లోయలో, ఆదివాసీ రైతులు పండించే అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి సొంత దుకాణమే తెరిచారు. 2023లో ఢిల్లీ జీ20కి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అదీ ఉంది. మనవాడు ముచ్చటపడి ఒక ప్యాకెట్ తెప్పించి, మెత్తగా పొడి పట్టించి, సలసలా కాగే బోరు నీళ్ళు పోసి తాగి, "ఇదేనా అరకు? అంతా పబ్లిసిటీ" అని తేల్చేస్తాడు. టెస్ట్ ఎన్విరాన్‌మెంటు పాడైతే కోడ్ మీద బగ్ రాసినట్టుంది ఈ వ్యవహారం. పండించిన రైతుది ఇందులో తప్పేముంది?

సరే, ఏం చేయాలి. కొన్ని వందల రూపాయల్లో టీడీఎస్ మీటరు దొరుకుతుంది, ప్రెస్సు కంటే ముందు అది కొనండి. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణాల్లో టీడీఎస్ 500 దాకా మంచిదే, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. కాఫీ వాళ్ళు మాత్రం 150 దగ్గర ఉంటే మేలంటారు. అంటే తాగడానికి బాగున్న నీళ్ళన్నీ కాఫీకి బాగుండవు.

అయితే ఆర్వో ప్లాంటు డబ్బా నీళ్ళు పోసేద్దాం అంటారు. అక్కడ తిరకాసు ఇంకో వైపు. చాలా ప్లాంట్లలో మరీ పీల్చేస్తారు, మీటరు 40 చూపిస్తుంది. అసలు ఖనిజాలే లేని నీళ్ళు గింజలోని రుచిని సరిగ్గా లాగలేవు, కాఫీ పల్చగా, ముక్కుసూటి పులుపుగా వస్తుంది. ఉపాయం కలపడమే. ఆర్వో 40, బోరు 800 అనుకుందాం. ఆరు గ్లాసుల ఆర్వోకి ఒక గ్లాసు బోరు కలిపితే 149 దగ్గరికొస్తుంది. కుడికాలువ నీళ్ళొచ్చే ఇళ్ళవాళ్ళు ఈ లెక్కలేమీ పెట్టుకోకుండా ముందు ఆ నీళ్ళతోనే చేసి చూడండి. చాలామందికి అంతటితో పనైపోతుంది.

ఆర్వో దగ్గర్లో లేకపోతే పాత పద్ధతే. నీళ్ళు ఐదు నిమిషాలు బాగా మరిగించి, మూతపెట్టి చల్లారనిచ్చి, అడుగున తెల్లగా పేరుకున్నది కదలకుండా పైన తేట వంచుకుని, దాన్ని మళ్ళీ కాచుకోండి. సున్నం చాలావరకు అడుగునే ఉండిపోతుంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది రుచి కోసం చేసే పనే. పల్నాడులో కొన్ని ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడు ఉంది. అది మరిగిస్తే పోదు, పైగా నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. మీటరు కూడా దాన్ని విడిగా చూపించదు. అలాంటి ఊళ్ళో బోరు నీళ్ళు కాఫీకే కాదు, ఏ తాగుడికీ వద్దు. పైన చెప్పిన ఆరుకి ఒకటి లెక్క కూడా పరీక్ష చేయించిన బోరుకే.

నీళ్ళ తర్వాత పొడి. బొంబాయి రవ్వంత బరక ఉండాలి. ఊళ్ళో కాఫీ గింజలు అలా పట్టేవాళ్ళు దొరకడం కష్టం, చేత్తో తిప్పే చిన్న గ్రైండరు కొనుక్కోవడం నయం. అదీ వద్దంటే మిక్సీలో ఆపి ఆపి తిప్పి, పిండి జల్లెడలో ఆ మెత్తటిదంతా రాల్చేసి, పైన మిగిలిన బరక వాడండి. రాలిన పొడిని పారేయక్కర్లేదు, స్టీలు ఫిల్టరులో వేస్తే అమ్మావాళ్ళకి పొద్దుటి డికాషను :) మెత్తటి పొడితో ప్రెస్సు చేస్తే రుచి పోవడం సంగతి అటుంచండి, జల్లెడ మూసుకుపోతుంది. అప్పుడు కడ్డీని బలంగా తోస్తే కాగే కాఫీ చేతిమీదికి చిమ్ముతుంది. బిగుసుకుంటే తొయ్యకండి. పైకి కొంచెం లాగి, ఆగి, మళ్ళీ నెమ్మదిగా.

కొలత తేలిక. 450 మి.లీ. నీళ్ళకి 30 గ్రాముల పొడి. మరిగిన నీళ్ళని అరనిమిషం ఆగనిచ్చి పొయ్యాలి, నాలుగు నిమిషాలు ఉంచాలి, పైన తేలిన నురగ చెంచాతో తీసేయాలి. తోసిన వెంటనే మొత్తం వంచేయండి. జాడీలో వదిలేసి కాల్‌కి వెళ్ళొస్తే చేదెక్కి కూర్చుంటుంది.

ఇక రోజుకి ఎన్ని కప్పులు అన్నది. కాఫీ నూనెలో కేఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టరు దాన్ని పట్టేస్తుంది, ప్రెస్సు జల్లెడ పట్టదు. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆరు నెలల పాటు రోజుకి ఐదారు కప్పులు ప్రెస్సు కాఫీ తాగించి చూస్తే చెడ్డ కొలెస్టరాల్ స్పష్టంగా పెరిగింది. నైట్ షిఫ్టు కాల్స్ పేరుతో జాడీకి జాడీ లాగించే మన బ్యాచ్ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒకటి రెండు కప్పులతో ఆగేవాళ్ళకి పెద్ద భయం లేదు. ఇప్పటికే కొలెస్టరాల్‌కి మాత్రలు వేసుకుంటున్న నాన్నగారికో బాబాయికో పోసిచ్చేటప్పుడు మాత్రం ప్రెస్సులోంచి దిగిన కాఫీని ఒకసారి కాగితం ఫిల్టరులోంచి వంచి ఇవ్వండి. ఆ కాగితాలు వంద ఒక ప్యాకెట్‌గా వస్తాయి.