లొట్టిలో ఏముందో అడగలేదు

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. మరికొందరు కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, అంటే నిద్రమాత్రల మందు కలిసింది. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు రద్దయ్యాయి, మనం పేజీ తిప్పేశాం. ఆ చావుల్లో మన వాటా ఉంది. చదువుకున్నవాళ్లం, పత్రికల్లో రాసేవాళ్లం, ఓటేసి లెక్క అడగగలిగినవాళ్లం, మనందరి వాటా.

తాటికల్లులో ఆల్కహాలు నాలుగైదు శాతం. గెలను గీసినప్పుడు కారేది తియ్యటి నీరే. లొట్టిలో, అంటే కల్లు కుండలో పడ్డ కొన్ని గంటల్లో పులుస్తుంది, మర్నాటికి పుల్లబడి పనికిరాకుండా పోతుంది. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. అది ఏళ్ల తరబడి నిలవుంటుంది, సీసాకు ముద్ర వేయొచ్చు, డిపోలో లెక్కపెట్టి పన్ను లాగొచ్చు. ఒకే రోజు బతికే కల్లును అలా నిలవుంచి లెక్కపెట్టడం కుదరదు. ఖజానా సీసా వైపు మొగ్గింది అందుకే. తెలంగాణ ఒక్కదానికే మద్యం మీద ఏటా 30 వేల కోట్ల రూపాయలకు పైగా వస్తోంది. ఆ డబ్బుతో నడిచే పథకాలు మనకు కావాలి, కాబట్టి ఆ డబ్బు ఎంత గాఢమైన సరుకు నుంచి వస్తోందని అడగలేదు.

నిజాం కాలపు ఆబ్కారీ చట్టం నుంచి 1968 ఎక్సైజ్ చట్టం దాకా కల్లును ప్రభుత్వం ఆదాయంగానే చూసింది. చెట్టుకు రఖం అనే పన్ను, దుకాణానికి వేలం. మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కేది గౌడన్న, వేలం పాడి లాభం మూటగట్టింది ముస్తేదారు అనే గుత్తేదారు. పాడిన పాట సొమ్ము రాబట్టుకోవాలంటే చెట్లు ఇచ్చే కల్లు చాలదు. నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందు లొట్టిలోకి చేరిన దారి అది. తర్వాత సొసైటీలు వచ్చాయి, చెట్టు ఎక్కేవాడికే చెట్టు అన్న పథకం వచ్చింది, తెలంగాణలో చెట్ల పన్నూ పోయింది. ఇవన్నీ మంచివే. కల్తీ మాత్రం పోలేదు. లొట్టిలో ఏముందో రోజూ పరీక్షించే ఏర్పాటు ఉండాలని మనం పట్టుబట్టలేదు మరి.

1992లో దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మరుసటి ఏడాది సారా పోయింది. ఆ పోరాటాన్ని మెచ్చుకుంటూ ఎన్నో వ్యాసాలు రాశాం. సారా పోయిన చోటికి చీప్ లిక్కర్ వచ్చి కూర్చుంటే ఆ ఆవేశం మన రాతల్లో కనిపించలేదు.

2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో తెరిచారు. రెండుసార్లూ చప్పట్లు కొట్టాం. ఇన్ని దుకాణాలకు కల్లు ఏ చెట్ల నుంచి వస్తుందని రెండుసార్లూ అడగలేదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో కలిపే మందుకు అలవాటుపడ్డవాళ్లు వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ ఆస్పత్రులకు చేరారు. తాము తాగుతున్నది చెట్టు కల్లేనని నమ్మిన కూలీలు వాళ్లు. వాళ్లను వింత మనుషుల్లా టీవీల్లో చూపించాం. ఇది నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

గీత కులాలకు న్యాయం చేయాలనుకున్నప్పుడూ మనకు తోచింది మద్యం దుకాణమే. తెలంగాణలో 2021 నుంచి వైన్ షాపుల్లో గౌడులకు 15 శాతం కేటాయింపు ఉంది. చెట్టు మీద నుంచి పడి నడుం విరిగిన మనిషికి విస్కీ అమ్ముకునే హక్కు ఇచ్చి, అతని కల్లుకు మాత్రం నాణ్యత ముద్ర గానీ, చల్లగా నిలవుంచే వసతి గానీ ఊరూరా ఇవ్వలేకపోయాం. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా, అంటే పులియని కల్లు అమ్మే కేఫ్ తెరిచారు, సంతోషం. ఊళ్లలో ప్లాట్ల కోసం తాటిచెట్లు, ఈతచెట్లు నరికేస్తుంటే మాత్రం ఆ ప్లాట్లు కొన్నది మనమే.

ఒక దుకాణానికి ఎన్ని చెట్లు కేటాయించారో ఆబ్కారీ రికార్డుల్లో ఉంటుంది. అక్కడ ఎంత కల్లు అమ్ముడవుతుందో ఒక రోజంతా నిలబడితే తెలుస్తుంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి, మండలం మండలానికీ, నెలనెలా అచ్చువేయడం పత్రికల వాళ్లం చేయగలిగిన పని. దానికి చట్టం మారనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పని మనం అలవాటు చేసుకోలేదు.