దించడమా, లొంగడమా?

2025 అక్టోబర్ 17. సుక్మాకు పొరుగునున్న బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో మావోయిస్టు నేత తక్కెళ్లపల్లి వాసుదేవరావు అలియాస్ ఆశన్న సహా 210 మంది 153 ఆయుధాలను అప్పగించారు. ప్రభుత్వ భాషలో అది ‘సరెండర్’, అంటే లొంగుబాటు. అదే ఘటనకు ఇంగ్లిష్‌లో ‘లెయిడ్ డౌన్ ఆర్మ్స్’ అన్న మాటా వాడారు, అంటే ఆయుధాలు దించడం. తుపాకులు అవే, మనుషులూ వారే. క్రియ మారేసరికి ఓటమి కాస్తా నిర్ణయమైంది.

‘లే డౌన్’కు మూలార్థం కింద పెట్టడం. పెట్టేది ఆయుధాలైతే పోరు విరమణ, ప్రాణాలైతే త్యాగం, నిబంధనలైతే నిర్దేశం. చివరి అర్థానికి ఉదాహరణ కూడా బస్తర్‌లోనే ఉంది. సల్వాజుడుం కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు, అరకొర చదువున్న ఆదివాసీ యువకులను ఎస్‌పీఓలుగా నియమించి నక్సల్స్‌పైకి పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని నిర్దేశించింది. కోర్టు బయట ఎవరైనా ‘లే డౌన్ ద లా’ చేస్తున్నారంటే మాత్రం తాము చెప్పిందే వేదమని దబాయిస్తున్నట్టు.

వాడుకలో ఒక తిరకాసుంది. పడుకోవడమనే అర్థమున్న ‘లై డౌన్’కు భూతకాల రూపం కూడా ‘లే డౌన్’ అనే. ఆయుధాలు దించినవారి గురించి ‘లెయిడ్ డౌన్’ అనే రాయాలి. సర్వనామం వస్తే దాని చోటు మధ్యలోనే: ‘లే దెమ్ డౌన్’.

అసలు చిక్కు వ్యాకరణంలో లేదు. ఈ క్రియ కర్తకు ఇచ్ఛను ఆపాదిస్తుంది. 2010 ఏప్రిల్ 6న ఇప్పటి సుక్మా జిల్లాలోని తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. అలాంటి మరణాలకు ‘ప్రాణాలర్పించారు’ అన్న మాట దక్కుతుంది. ఇరుపక్షాల మధ్య నలిగిన గ్రామస్తులకు దక్కేది ‘చనిపోయారు’ మాత్రమే.

పక్కనున్న దంతెవాడలో పోలీసులు 2020లో ప్రారంభించిన పునరావాస కార్యక్రమానికి గోండి పేరు పెట్టారు: ‘లోన్ వర్రాటు’. ఇంటికి తిరిగి రండి అని అర్థం. అందులో లొంగడమూ లేదు, దించడమూ లేదు. అయితే సల్వాజుడుం రోజుల్లో ఊళ్లు ఖాళీ చేసి ఖమ్మం అడవులకు వలస వచ్చిన కుటుంబాలకు ఆ పిలుపు ఇంకా అసంపూర్ణమే. రమ్మనడానికి ముందు ఇల్లుండాలి.