హిమ సరస్సుకు గండి పడటానికి ఒక్క రాత్రి చాలు

వాతావరణ మార్పు అనగానే మెల్లగా పైకి పాకే ఉష్ణోగ్రత గ్రాఫు గుర్తొస్తుంది. కానీ ఆ వేడికి నేల మీద జరిగే మార్పులన్నీ అంత మెల్లగా జరగవు. పురాతన మహావరదలు చెప్పేది అదే.

సుమారు 18 వేల నుంచి 15 వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో ఒక హిమానీనదం నదికి అడ్డుపడి, మిసౌలా అనే సరస్సు ఏర్పడింది. దాదాపు 2,000 ఘన కిలోమీటర్ల నీరు అందులో నిలిచింది. మంచు సాంద్రత నీటి సాంద్రతలో పదింట తొమ్మిది వంతులే. అందుకే నీటిమట్టం మంచుకట్ట ఎత్తులో ఇంచుమించు తొమ్మిది వంతులకు చేరితే కట్ట తేలడం మొదలవుతుంది. అడుగు నుంచి నీరు దూసుకుపోతుంది. ఇలా ఆ సరస్సు రోజుల వ్యవధిలో ఖాళీ అయి, మళ్లీ నిండి, డజన్లసార్లు తెగింది. 1923లో జె. హార్లెన్ బ్రెట్జ్ అక్కడి కోతపడ్డ రాతినేలలను చూపి ఇది మహావరద పనేనంటే తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. పెన్‌రోజ్ పతకం ఆయనకు 1979లో గానీ దక్కలేదు.

సుమారు 8,200 ఏళ్ల కిందట అగాసిజ్ సరస్సు హడ్సన్ అఖాతంలోకి తెగిపడింది. ఆ మంచినీరు అట్లాంటిక్ ప్రవాహాలను బలహీనపరిచిందని, అందువల్లే గ్రీన్‌లాండ్ చల్లబడిందని శాస్త్రవేత్తల అంచనా. ఆ కాలంలో రుతుపవనాలు కూడా తగ్గాయని ఒమన్ గుహల్లోని సున్నపు నిక్షేపాలు చెబుతున్నాయి.

హిమాలయ సరస్సులు వీటి ముందు చాలా చిన్నవి. వాటిలో చాలావాటికి కట్ట మంచు కాదు, హిమానీనదం తెచ్చిపోసిన రాళ్లూ మట్టీ. అయినా తెగే తీరు ఒకటే: ఏళ్ల తరబడి నిండటం, గంటల్లో ఖాళీ కావడం. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సులోకి పక్క కట్ట జారిపడి గండి పడింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం లెక్క ప్రకారం సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు, అక్టోబరు 4 నాటికి 60 హెక్టార్లకు కుంచించుకుపోయింది. చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది.

ఏ సరస్సు పెరుగుతోందో ఉపగ్రహం చెబుతుంది. ఈ రాత్రి తెగుతుందని మాత్రం చెప్పలేదు. అందుకు సరస్సు దగ్గరే నీటిమట్టం కొలిచే పరికరాలు, దిగువ ఊళ్లలో సైరన్లు కావాలి. హిమాలయ నదులపై కట్టే ప్రతి డ్యామ్‌నూ వానవరదకే కాదు, సరస్సు తెగితే వచ్చే వరదకూ తట్టుకునేలా లెక్కకట్టాలి. ఆ లెక్కను దిగువ జనం ముందు పెట్టాకే అనుమతి ఇవ్వాలి. బ్రెట్జ్ మాట నమ్మడానికి దశాబ్దాలు ఆగినా ఎవరికీ ప్రాణనష్టం కలగలేదు. తీస్తా ఒడ్డున ఉన్నవాళ్లకు అంత వ్యవధి లేదు.